ఎఫెసులో మంట ఆరాక

పాతకాలపు ఎఫెసు నగరంలో ఒకరోజు పెద్ద మంట వేశారు. మంత్రవిద్య నేర్చినవాళ్ళు యేసును నమ్మాక తమ పుస్తకాలు మోసుకొచ్చి అందరి ముందూ కాల్చేశారు. లెక్క చూస్తే వాటి వెల 50,000 వెండి రూకలు అయిందని బైబిల్లోని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. ఆ కాలంలో ఒక వెండి నాణెం కూలివాడి ఒకరోజు కూలి. అమ్మి ఆ డబ్బు కానుకపెట్టెలో వేద్దామని కూడా ఎవరూ అన్నట్టు అక్కడ లేదు, కాల్చేశారంతే.

కొన్నేళ్ళకు, ఆ ఊళ్ళో సువార్త చెప్పిన అపొస్తలుడు పౌలు చెరలో ఉండి ఎఫెసీయులకు, అంటే అక్కడి విశ్వాసులకు, ఉత్తరం రాశాడు. అందులో ఆ మంట ఊసే లేదు. నాలుగో అధ్యాయం తీస్తే ఉన్నది ఇదీ: అబద్ధాలు మానండి, దొంగతనం మానండి, పొద్దుగూకేదాకా కోపం పెట్టుకోకండి, నోట దుర్భాష రానీయకండి. అంత ఖరీదైన పుస్తకాలు బూడిద చేసిన ఊరికి చెప్పాల్సిన మాటలా ఇవి? చెప్పాల్సినవే. పుస్తకమైతే ఒక్కసారి కాలి పోతుంది. నాలుక మర్నాడు పొద్దున కూడా నోట్లోనే ఉంటుంది.

మన హైదరాబాదులో ఆ మంట వేసే రోజు డిసెంబరు 31. సికింద్రాబాద్ వెస్లీ చర్చి లాంటి పాత పెద్ద చర్చిల నుంచి బస్తీల్లోని రేకులషెడ్డు మందిరాల దాకా అర్ధరాత్రి ఆరాధనకు జనం కిటకిటలాడతారు. పన్నెండు కొట్టేసరికి అందరూ మోకాళ్ళ మీద ఉంటారు. కన్నీళ్ళు, తీర్మానాలు, చేతిలో బైబిలు వచనం ఉన్న కొత్త ఏడాది వాగ్దాన కార్డు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. అలాంటి ఒక రాత్రి మందు మానేసి మళ్ళీ ముట్టనివాళ్ళు మన మధ్య ఉన్నారు. చిక్కల్లా సంక్రాంతి సెలవులు రాకముందే పాత అలవాటు తిరిగొచ్చినప్పుడు. "సరే, శ్రమదినాల్లో చూద్దాం" అనుకుంటాం. ఆ నలభై రోజులూ ఈస్టరుతో అయిపోతాయి. ఆ తర్వాత ఉపవాస కూడికలు, మళ్ళీ డిసెంబరు. మధ్యలో వచ్చే మామూలు మంగళవారాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యేసు మాత్రం "ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" అన్నాడు (లూకా 9:23).

పౌలైతే దీనికి బట్టల పోలిక తెచ్చాడు: ప్రాచీన స్వభావాన్ని వదులుకోండి, నవీన స్వభావాన్ని ధరించుకోండి. క్రిస్మస్‌కి కొన్న జత ఎంత బాగున్నా దానితోనే ఏడాదంతా గడవదు కదా.

ఫోన్ సంగతే చూడండి. "ఎక్కడున్నావ్?" అని అవతలివాళ్ళు అడుగుతారు. "ఎర్రగడ్డ దాటేశానండీ, పది నిమిషాలు" అంటాడు మనవాడు. అప్పటికి కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఉన్నాడు, ఒక కాలికి సాక్సు ఉంది, రెండోది దొరకలేదు. ఇందులో ఎవరికేం నష్టం, ట్రాఫిక్ సంగతి అందరికీ తెలిసిందేగా అంటాం. నిజమే, అవతలివాళ్ళు కూడా నమ్మరు. పదంటే నలభై అని వాళ్ళే కలుపుకుంటారు. సంఘంలో పెద్దగా పేరున్న మనిషి మాటను ఇంట్లోవాళ్ళే అలా కలుపుకొని వింటున్నారంటే అది చిన్న నష్టం కాదు. "మనము ఒకరికొకరము అవయవములై యున్నాము గనుక" అబద్ధం మానమన్నాడు పౌలు. ఆ పోరాటమంతా ఫోన్ ఎత్తిన మొదటి రెండు మూడు సెకన్లలోనే. "ఇంకా బయల్దేరలేదండీ, గంట పట్టొచ్చు" అనడానికి నోరు రాదు. అన్నాక నాలుగు తిట్లు పడతాయి. సిలువ అనగానే మనం జబ్బులు, అప్పులు, పెద్ద పెద్ద శ్రమలు అనుకుంటాం. చాలా రోజులు అది ఇంత సైజులోనే వస్తుంది.

దొంగ గురించి రాసిన వచనం (ఎఫెసీ 4:28) ఇంకా గట్టిది. దొంగతనం మానితే చాలనలేదు పౌలు. కష్టపడి పనిచెయ్యాలి, అదీ అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టేందుకు. మానేసి ఊరికే కూర్చున్నవాడు ఇంకా మానేసిన దొంగే, అంతకుమించి ఏమీ కాలేదు. ఫ్లాటు రిజిస్ట్రేషన్లలో వైట్ ఎంత, బ్లాక్ ఎంత అని మాట్లాడుకునే మన ఊళ్ళో ఈ వచనం మీద ప్రసంగాలు ఎందుకో తక్కువ వినిపిస్తాయి.

ఇదంతా రక్షణ సంపాదించుకోవడానికా? కాదు. "కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్నది కూడా ఈ పత్రికలోదే, రెండో అధ్యాయంలో. మొదటి మూడు అధ్యాయాలూ ఎక్కువగా దేవుడు చేసినదే చెప్పాక గాని పౌలు మన నడవడి జోలికి రాలేదు. కొలొస్సయులకు రాసిన ఇంకో ఉత్తరంలోనైతే ప్రాచీన స్వభావాన్ని మీరు ఇప్పటికే పరిత్యజించారు అనేశాడు (3:9), దానికి ముందు వచనంలోనే కోపం, ఆగ్రహం, దూషణ విసర్జించండి అని కూడా చెప్పాడు. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో ఇళ్ళల్లో నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో ఈ రెండింటినీ కలిపాడు. బాప్తిస్మం తీసుకునేది ఒక్కసారే. దాని అర్థం మాత్రం, మనలోని పాత ఆదాము, అంటే పాపస్వభావం, దినదినం పశ్చాత్తాపంలో మునిగి చావాలి, కొత్త మనిషి దినదినం లేవాలి అన్నాడు. అందుకని నిన్న పడిపోయినవాడు ఇంకో డిసెంబరు దాకా ఆగక్కర్లేదు, ఇంకో బాప్తిస్మమూ అక్కర్లేదు. ఈ పూట మోకరిస్తే సరిపోతుంది.

ఇక కోపం. దీనికి పౌలు గడువు కూడా పెట్టాడు: "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." మాదాపూర్, గచ్చిబౌలిలో అమెరికా టైముకు పనిచేసేవాళ్ళకు సూర్యుడు అస్తమించాకే డ్యూటీ మొదలు. మధ్యాహ్నం భార్యతో మాటామాటా అనుకొని, ముఖం ముడుచుకొని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తెల్లారేదాకా ఆ సంగతి అలాగే ఉంటుంది. తెల్లారాక ఆవిడ పిల్లల టిఫిన్ బాక్సుల హడావిడిలో, ఈయన నిద్రలో. అలాంటి ఇంట్లో గడువు లాగిన్ టైమే. హెడ్‌సెట్ పెట్టుకోకముందే వంటింట్లోకి వెళ్ళి "మధ్యాహ్నం నేను అన్నది తప్పు" అని చెప్పి రావాలి. రెండు నిమిషాలు లేటైతే మీటింగేం ఆగిపోదు.