షికాగో మంచులో మూడు వీధుల దూరం

జనవరిలో నేను షికాగోలో మా తమ్ముడి ఇంటికి చేరేనాటికి సంక్రాంతి ఇంకా మూడు రోజులుంది. రెండేళ్ల వయసులో పోలియో సోకినప్పటి నుంచి వాడికి కాళ్లు పనిచేయవు. చక్రాల కుర్చీలోనే చదువుకుని, ఆ కుర్చీలోనే ఇంతదూరం ఉద్యోగానికి వచ్చాడు. నువ్వులు, బెల్లం కొనడానికి మన దుకాణాలుండే డెవాన్ వీధికి వెళ్దామని అడిగితే, కిటికీలోంచి బయటికి చూసి, "బస్సెక్కడం కష్టం కాదక్కా, బస్టాపు దాకా చేరడమే కష్టం" అన్నాడు.

బస్టాపు మూడు వీధుల అవతల ఉంది. నల్లటి తారు కనిపించేలా రోడ్డును శుభ్రం చేశారు గానీ, పక్కనున్న కాలిబాట మాత్రం ఇంటికో తీరుగా ఉంది. ఒక ఇంటి ముందు మంచు ఎత్తి ఉప్పు చల్లారు, పక్కింటి ముందు ఎవరూ పార పట్టిన జాడే లేదు. రోడ్డు బాధ్యత నగరానిదైతే, కాలిబాట బాధ్యత దాని పక్కనున్న స్థలం యజమానిది. పగలు ఏడు నుంచి రాత్రి ఏడు లోపు కురిసిన మంచును రాత్రి పదిలోగా, 5 అడుగుల వెడల్పున తీయాలని నిబంధన ఉంది. అయితే ఇంటివాళ్లు ముసలివాళ్లయినా, ఊళ్లో లేకపోయినా, అది ఖాళీ స్థలమైనా ఆ బాట అక్కడితో తెగిపోతుంది. పదిళ్లవాళ్లు శ్రద్ధగా తీసినా పదకొండో ఇంటి ముందు చక్రం ఆగిపోతే, ఆ పదిమంది శ్రమా మా తమ్ముడికి అక్కరకు రాలేదు.

అన్నిటికంటే ఘోరం వీధి మలుపు. మంచు తోసే ట్రక్కు రోడ్డు మీది మంచునంతా పక్కకు నెట్టడంతో, కుర్చీ దిగడానికి కట్టిన వాలు మీద మోకాలెత్తు గట్టు పేరుకుంది. రాత్రి చలికి అది రాయిలా బిగిసింది. కుర్చీ వెనక కట్టి ఉన్న చిన్న పారను విప్పి, పావుగంట సేపు తవ్వాను. అడుగున ఎర్రటి పలక, దాని మీద వరసగా గుండ్రటి బొడిపెలు బయటపడ్డాయి. ఇక్కడినుంచి రోడ్డు మొదలవుతుందని చూపులేనివారి చేతికర్రకు, పాదాలకు తెలియడానికి పెట్టిన బొడిపెలవి. రెండో మలుపులో నా చేతులు లేవలేదు. "రోడ్డు మీద వెళ్లడం నాకు అలవాటేలే అక్కా" అంటూ వాడు కార్ల మధ్యకు దిగాడు. ఆ రెండు నిమిషాల భయం నాకింకా పోలేదు.

బస్సు డ్రైవరు ర్యాంపు దించితే అది మంచుకుప్ప మీద ఆనింది. ఆయన ఓపిగ్గా బస్సును కొంచెం ముందుకు తీసుకెళ్లి, ఒక ఇంటి కార్లదారి దగ్గర ఆపి మమ్మల్ని ఎక్కించుకున్నారు.

1990 మార్చిలో ఇదే దేశంలో వికలాంగులు కుర్చీలు, ఊతకర్రలు వదిలి పార్లమెంటు భవనం మెట్లను పాకుతూ ఎక్కారు. ఆ ఏడాదే వారి హక్కుల చట్టం వచ్చింది. మలుపుల్లోని ఈ వాలులు అలాంటి పోరాటాల ఫలం. వాటిని నెలల తరబడి మంచు కింద వదిలేయడం నాకు అన్యాయంగానే తోచింది. కాలిబాటల మంచును కూడా నగరమే తీయాలని షికాగోలో యాక్సెస్ లివింగ్ వంటి వికలాంగుల హక్కుల సంస్థలు ఉద్యమిస్తున్నాయి. టొరంటోలో 2021 శీతకాలం నుంచి దాదాపు అన్ని కాలిబాటలనూ నగరమే చిన్న యంత్రాలతో శుభ్రం చేస్తోందని తమ్ముడు చెప్పాడు.

పండగ అయ్యాక ఇద్దరం రైల్లో మిషిగన్ రాష్ట్రంలోని హాలండ్ వెళ్లాం. 1988లో అక్కడ ఊరి నడిబొడ్డున కాలిబాటల కింద గొట్టాలు పరిచి, విద్యుత్ కేంద్రంలో వృథా అయ్యే వేడితో కాగిన నీటిని వాటిలో తిప్పడం మొదలుపెట్టారు. మర్నాడు ఎనిమిదో వీధిలో మంచు కురుస్తూనే ఉంది, నేల తాకగానే కరిగిపోతోంది. బాట తడిగా ఉందే తప్ప ఎక్కడా జారలేదు, ఎక్కడా తెగలేదు. నేను కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక నడుస్తుంటే, వాడు వరసగా మూడు మలుపులు తనంతట తాను దాటాడు. అప్పుడు చూశాను, కుర్చీ వెనక పార లేదు. హోటల్ గదిలోనే వదిలేసి వచ్చాడట.

తిరుగు ప్రయాణంలో షికాగో యూనియన్ స్టేషన్‌లో దిగగానే దాన్ని సంచిలోంచి తీసి మళ్లీ కుర్చీకి కట్టుకున్నాడు.