"వంట చేసుకుంటున్నానుగా తమ్ముడూ"

ఇంగ్లండులో ఒక ఆసుపత్రి. కీమో వార్డుకి వెళ్లే వరండా చివర చిన్న గదిలో వారానికి రెండు రోజులు కూర్చుంటాను. క్యాన్సర్ వచ్చినవాళ్లకి ప్రభుత్వం నుంచి ఏ బెనిఫిట్స్ వస్తాయో చెప్పడం, ఫారాలు నింపడంలో సాయపడడం నా పని. "ఇంతకీ నువ్వు డాక్టరువా, గుమాస్తావా?" అని మా అమ్మ ఫోన్లో అడుగుతూనే ఉంటుంది.

చేరిన కొత్తలో ఒక తప్పు చేశాను. వర్క్ వీసా మీద వచ్చిన మనవాడొకడికి పిప్ ఫారం నింపేశాను. పిప్ అంటే జబ్బు వల్లో వైకల్యం వల్లో రోజువారీ పనులకి, నడకకి ఇబ్బంది పడేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. నడవలేకపోతున్నాడు, డబ్బు టెన్షన్, అంతే చూశాను. పోస్టులో పడేలోపు మా సీనియర్ ఆపింది. వీసాలో 'పబ్లిక్ ఫండ్స్ లేవు', అంటే ఇలాంటి ప్రభుత్వ సాయం తీసుకోకూడదు అన్న షరతు ఉంటే పిప్‌కి దరఖాస్తు పెట్టడం వీసాకే ఎసరు. కానీ జీతంలోంచి కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద, జబ్బుతో పని చేయలేనివాళ్లకి వచ్చే న్యూ స్టయిల్ ఈఎస్ఏ అనే భత్యానికి ఆ షరతు అడ్డురాదు. జబ్బు సెలవులో కంపెనీ ఇచ్చే సిక్ పే 28 వారాలతో ఆగిపోయాక అతన్ని ఆదుకుంది అదే. మందుల చీటీల డబ్బు కూడా అక్కర్లేదు; ఇంగ్లండులో క్యాన్సర్ రోగులకి 2009 నుంచి మినహాయింపు ఉంది, సర్టిఫికెట్ తీసుకోవాలంతే. అప్పట్నుంచి రోగం పేరుకంటే ముందు వీసా అడుగుతాను.

మొన్న వచ్చిన తెనాలి అక్కకి ఆ గొడవ లేదు, పౌరసత్వం ఉంది. రొమ్ము క్యాన్సర్, నాలుగో కీమో అయింది.

"వంట చేసుకోగలరా అక్కా?"

"చేసుకుంటున్నానుగా తమ్ముడూ. బానే ఉన్నాను."

ఇదిగో, ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. పిప్ పాయింట్ల లెక్క. రోజువారీ పనుల్లో 8 వస్తేనే డబ్బు. ఫారం మీద 'చేసుకోగలను' అని రాస్తే ఆ ప్రశ్నకి సున్నా. నిజానికి రూలు అడిగేది వేరు: ప్రమాదం లేకుండా, సరిగ్గా, మళ్లీ మళ్లీ, మరీ ఎక్కువ సమయం పట్టకుండా చేయగలరా? అదీ సగానికంటే ఎక్కువ రోజుల్లో?

అందుకే ప్రశ్న మార్చాను. "నిన్న ఏం వండారు?"

"పప్పు. కూరలు ఆయనే తరిగిపెట్టారు. వేళ్లు మొద్దుబారిపోయాయి కదా, కత్తి పట్టు దొరకదు. గిన్నె దించబోతే జారిపోయింది." స్వెట్టరు చెయ్యి పైకి లాగింది. మణికట్టు మీద కాలిన మచ్చ, ఇంకా పచ్చిగానే ఉంది. "పోపు వాసనకి డోకొస్తుంది. కీమో అయ్యాక పది, పన్నెండు రోజులు అసలు వంటింట్లోకే పోను. ఆ తర్వాత బానే ఉంటుంది."

ఆ అక్క చెప్పింది చెప్పినట్టే రాశాను. మచ్చతో సహా. రాసింది తెలుగులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇంత దీనంగా ఉన్నానా నేను?" అంది. సంతకం పెట్టడానికి పెన్ను అందుకుంది, వేళ్ల మధ్య నిలవలేదు. కింద పడ్డ పెన్ను నేను తీసేలోపే, "ఇది కూడా రాస్తావా ఏంటి?" అని నవ్వింది.

రాశాను.