శ్రీరంగపట్నంలో మన కడప ఆడబిడ్డ

మదనపల్లె నుంచి తెల్లారకముందే బయల్దేరి, బెంగళూరులో మైసూరు రైలెక్కి శ్రీరంగపట్నంలో దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మా నాయనకు డెబ్బై మూడేళ్లు, సోషల్ టీచరుగా రిటైరయ్యారు. ఏళ్ల తరబడి పిల్లలకు మైసూరు యుద్ధాలు చెప్పారు గానీ టిప్పు సుల్తాన్ రాజధాని అయిన ఈ ఊరు మాత్రం చూడలేదు. అందుకే ఈ ప్రయాణం. ఆయనకు మోకాళ్ల నొప్పి కాబట్టి రోజంతటికీ ఒకే ఆటో మాట్లాడుకున్నాం.

ముందు దరియా దౌలత్ బాగ్. 1784 నాటి టిప్పు వేసవి మహలు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చల్లగా, మసకగా ఉంది. కళ్లు అలవాటు పడ్డాక చూస్తే పడమటి గోడంతా యుద్ధమే. 1780 సెప్టెంబరులో కంచి దగ్గర పొల్లిలూరులో టిప్పు, ఆయన తండ్రి హైదరు అలీ కలిసి ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని చిత్తు చేసిన ఘట్టం. చదరంగా బారులు తీరిన ఎర్రకోట్ల సిపాయిలు, మధ్యలో పేలిపోతున్న మందుగుండు బండి. గాయపడ్డ కంపెనీ సేనాని కల్నల్ బెయిలీ పల్లకీలో కూర్చుని వేలు కొరుక్కుంటున్నాడు. ఆ వేలు దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

నిజాం సైన్యం దగ్గర ఆవునూ పందినీ కూడా గీశారు. ఆవులా వచ్చి పందిలా పారిపోయాడని వెక్కిరింపట, గైడు చెప్పాడు. అందరూ నవ్వారు, నాయన నవ్వలేదు.

"మన సీమను కంపెనీ చేతిలో పెట్టింది ఈ నిజామే కదమ్మా" అన్నారు.

నిజమే. కంపెనీతో యుద్ధంలో ఓడి, 1792 సంధిలో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకుని, ఇద్దరు చిన్న కొడుకుల్ని తాకట్టుగా పంపాడు. ఆ సంధిలోనూ, 1799లో టిప్పు చనిపోయాక జరిగిన పంపకంలోనూ మనవైపు భూములు కంపెనీ పక్షాన నిలిచిన నిజాం వాటాకొచ్చాయి. 1800లో తన దగ్గరుండే ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద ఆయన వాటిని కంపెనీకి రాసిచ్చాడు. అలా మనం దత్తమండలాలమయ్యాం. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు.

తర్వాత గుంబజ్. నల్లరాతి స్తంభాలు, దంతం పొదిగిన తలుపులు, లోపలి గోడల నిండా పులిచారలు. మూడు సమాధులు. నడుమ హైదరు. 1782 డిసెంబరులో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో కన్నుమూశాడు. కొడుకు వచ్చేదాకా ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. ఒక పక్క టిప్పు. ఇంకో పక్క ఆయన తల్లి ఫక్రున్నీసా, కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురు.

"అంటే మన కడప ఆడబిడ్డ" అన్నారు నాయన, చాలా మెల్లగా. ఇంత దూరం వచ్చి సొంత మనుషుల్ని చూసినట్టు నాకు గొంతు పట్టేసింది.

కొడగులో, మలబారులో టిప్పు దండయాత్రల గాయాలు ఇప్పటికీ మానలేదు, ఆ జనం బాధను నేను కాదనను. కానీ కంపెనీకి తలవంచి గద్దెలు కాపాడుకున్న రాజులెందరో ఉన్న కాలంలో, ఈయన తన కోటలో తానే పోరాడి చనిపోయాడు. అందుకు నా మనసులో ఈయనకు పెద్ద చోటుంది.

చివరికి కోట. 1799 మే 4 మధ్యాహ్నం కంపెనీ సైన్యం కావేరి దాటి, గోడకు పడ్డ గండిలోంచి చొరబడింది. టిప్పు పడిపోయిన చోట ఇప్పుడు చిన్న కంచె, ఒక రాయి ఉన్నాయి, అంతే. టిప్పు శవం ఇక్కడ దొరికింది అని రాతి మీద ఇంగ్లీషులో ఉంది. నాయన రెండుసార్లు చదివారు.

"చనిపోయినాడు అని కాదమ్మా, దొరికినాడు అని రాసినారు చూడు."

ఆ రాత్రి శవాల గుట్టల్లో కాగడాలు పట్టుకుని వెతికితే గానీ ఆయన కనబడలేదు.

నాయన చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. రైలుకు టైమవుతోందని నాకు టెన్షన్. ఆటో అతను మాత్రం హారన్ కొట్టలేదు, ఇంజను ఆపేసి మా వైపే చూస్తూ కూర్చున్నాడు.