అర మిల్లీమీటరు తేడా

ఇవాళ పొద్దున్నుంచీ నడుం ఎమ్మారైలే. ఎల్4-ఎల్5 (నడుం నాలుగో, ఐదో పూసలు) దగ్గర, నరాలు దిగే వెన్నుకాలువ ముందు గోడ నుంచి వెనక గోడకి మౌస్‌తో గీత లాగితే 11.6 మిల్లీమీటర్లు. మళ్లీ లాగితే 12.1. అదే బొమ్మ, అదే చెయ్యి! 12కి తగ్గితే ఇరుకు, 10కి తగ్గితే బాగా ఇరుకు అని మా లెక్క. ఇప్పుడేం రాయను?

ఇంకొకరికి నడుం పూసలు ఐదుకి బదులు ఆరున్నాయి. మెడ నుంచి ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ దిగాను. (ఇక్కడ ఒక పూస లెక్క తప్పితే అక్కడ ఆపరేషన్‌లో కత్తి వేరేచోట పడుతుంది మరి.)

సాయంత్రం రిపోర్టు కోసం వచ్చిన పెద్దాయనకి 9 మిల్లీమీటర్లే. "నాలుగడుగులేస్తే కాళ్లు లాగేస్తాయమ్మా, సైకిలైతే ఎంత దూరమైనా తొక్కుతా" అన్నారు. ముందుకి వంగితే కాలువ కాస్త తెరుచుకుంటుంది కదా. కవరు హ్యాండిల్‌కి తగిలించుకుని, సైకిలెక్కి వెళ్లిపోయారు.