మబ్బు వేరు, సున్నా వేరు

విశాఖలో దిగగానే ఈసారి బీచ్‌కి కాకుండా డాబా గార్డెన్స్‌కి ఆటో ఎక్కాను. 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల, అంటే ఆకాశాన్ని గమనించే కేంద్రం, పెట్టింది అక్కడే. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూసి, నమోదు చేశారు. ఇప్పుడక్కడ షాపులు, హారన్లు. నేనడిగినవాళ్లెవరూ ఆ పేరు వినలేదన్నారు. మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున్నే మద్దిలపాలెంలో పిన్ని వాళ్ల మేడ మీద చిన్న టెలిస్కోప్ బిగించాను. దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి కాబట్టి, వెనక అట్టకి తెల్లకాగితం క్లిప్ చేసి బింబాన్ని దానిమీద పడేలా చేశాను. అరచేతి వెడల్పు వెలుగు, దానిలో రెండు గుంపులుగా సూర్యుడి మచ్చలు. మధ్యలో నలుపు, చుట్టూ పల్చని బూడిదరంగు. భూమి తిరుగుతుంది కదా, బింబం కాగితం మీద జారిపోతూనే ఉంటుంది. అది జారే వైపే పడమర. పిన్ని కూతురు పెన్సిల్‌తో గబగబా మచ్చలు గుర్తుపెట్టి, పక్కన తేదీ, టైము రాసింది.

నిజానికి ఆ తేదీ, టైములే ప్రాణం. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఖగోళ పరిశీలకుడు ఇలాగే మచ్చలు గీస్తుండగా వాటి మధ్య తెల్లని మెరుపు కనిపించింది. టైము రాసుకున్నాడు. దాదాపు పదిహేడు గంటల తర్వాత అయస్కాంత తుఫాను, అంటే సూర్యుడి ధాటికి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలం కావడం, వచ్చిపడింది. బొంబాయి కొలాబాలో భూ అయస్కాంత బలం సుమారు 1600 నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) పడిపోయింది. సాధారణంగా ధ్రువాల దగ్గరే ఉండే అరోరాలు, అంటే ఆకాశంలో రంగుల వెలుగులు, ఉష్ణమండలం దాకా కనిపించాయి. మూడు చోట్లా గంటలు రాసిపెట్టుకున్నారు గనకే మెరుపు, అయస్కాంత తగ్గుదల, అరోరాలు మూడూ ఒకే సంఘటనకి చెందినవని తేలింది.

ఇంతలో కైలాసగిరి వైపు నుంచి మబ్బు కమ్మేసింది.

"అన్నయ్యా, ఇప్పుడు సున్నా వెయ్యనా?"

"వద్దమ్మా, మబ్బు అని రాయి."

సున్నా అంటే చూశాం, మచ్చలు లేవని. మబ్బు అంటే చూడలేకపోయామని. ఈ తేడా చిన్నది కాదు. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు లేవంటే, చూసేవాళ్లు లేక కాదు. పారిస్‌లో పికార్డ్, కాసినీ, లా హైర్ లాంటివాళ్లు చూస్తూనే ఉన్నారు. చెట్ల వలయాల్లో ఆ కాలపు కార్బన్-14 (కార్బన్‌లో ఒక రేడియోధార్మిక రకం) పెరగడం కూడా అదే చెబుతోంది. సూర్యుడు మందగిస్తే అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు భూమి వాతావరణంలోకి ఎక్కువగా వస్తాయి, కార్బన్-14 ఎక్కువ తయారవుతుంది.

పదిన్నరకి మబ్బు విడిచింది. తను కొత్త కాగితం పెట్టింది.