రంగు కింద రోజులు

"ఆ ఏరోప్లేనుకి రంగేసినావు గదా, మొత్తం ఎంతయిందిరా?"

సెలవు మీద ఊరొచ్చి మర్నాడు షెడ్డుకి వెళ్తే మావ అడిగిన మొదటి మాట ఇది. పక్కన బస్సు బాడీ రుద్దుతున్న కుర్రాళ్లు కూడా చెయ్యి ఆపి నా వైపు చూశారు. ఫోన్లో ఫొటోలు పంపాను గానీ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది. మొత్తం చెప్పాలంటే కూర్చోవాలి. ఆరోజు కూర్చున్నాం.

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జైపూర్. రాయపూర్ నుంచి విశాఖపట్నం పోయే రోడ్డు మీద ఊరు కాబట్టి లారీలకి కొదవ లేదు. లారీలున్నచోట డెంటింగు, పెయింటింగు షెడ్లు ఉండనే ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, అలా పెరిగాం. నాకు తెలుగు రాత అమ్మ నేర్పింది. మావకి మాట తెలుగు, రాత ఒడియా. పదో తరగతి తప్పాక ఆయన దగ్గరే పనిలో చేరాను. తరవాత షార్జాలో కార్ల షెడ్డులో ఆరేళ్లు. 2019లో ఆస్ట్రేలియా. మెల్‌బోర్న్‌కి నూటపది కిలోమీటర్ల దూరంలో బల్లారట్ అనే ఊళ్లో వెహికల్ పెయింటర్ ఉద్యోగం. మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. చదువుకో, కంప్యూటర్ ఉద్యోగానికో వచ్చినవాళ్లే ఎక్కువ. పండగ భోజనాల్లో ఎవరైనా "ఏ కంపెనీ అండీ?" అని అడిగితే, కార్లకి రంగు వేస్తానని చెప్పడానికి మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు. ఈ విమానం పని చేశాక ఆ బెరుకు పోయింది.

2023 మార్చిలో ఒక పెద్దాయన మా వర్క్‌షాపుకి వచ్చాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంటి గ్యారేజీలో తొమ్మిదేళ్లుగా సొంతంగా విమానం కట్టుకుంటున్నాడు. ఆర్వీ-7 అంటారు దాన్ని. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ కంపెనీ రేకులు, భాగాలు కిట్‌గా పంపుతుంది, కొన్నవాడు రివెట్లు కొట్టుకుంటూ కట్టుకోవాలి. ఇద్దరు కూర్చోవచ్చు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై అయిదు అడుగులు, అంటే మన లారీ పొడవు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. సొంతంగా కట్టిన విమానంగా లెక్కలోకి రావాలంటే సగానికి మించిన పని కట్టుకునేవాడే చెయ్యాలన్నది అక్కడి నియమం. రంగు మాత్రం ఎవరి చేతైనా వేయించుకోవచ్చు. విమానాలకే రంగులేసే చోట అడిగితే ఆయనకి 24,000 ఆస్ట్రేలియా డాలర్లు చెప్పారట. అంత పెట్టలేక మా దగ్గరికి వచ్చాడు.

మా యజమాని నన్ను చూసి రమ్మన్నాడు. వెళ్లాను. గ్యారేజీ తలుపు తీయగానే వెండి పళ్లెంలా మెరుస్తూ కనబడింది. రేకు మీద చెయ్యి వేశాను. ఒక మిల్లీమీటరు మందం కూడా లేదు. వేల రివెట్లు, ఒక్కటి కూడా చేతికి తగలకుండా రేకుతో సమంగా దిగిపోయి ఉన్నాయి. అంత పని చేసిన మనిషి ఎదురుగా నిలబడితే నాకు "సార్" అనే వచ్చింది. పేరు పెట్టి పిలవమన్నాడు, నా వల్ల కాలేదు. మీ ఊరు ఎక్కడని అడిగితే మ్యాపు తీసి కోరాపుట్ చూపించాను. మా ఊరి దగ్గర సునాబేడలో 1964లో పెట్టిన హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది, మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు అక్కడే తయారవుతాయని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. చిన్నప్పటి నుంచి సునాబేడ అంటే ఫలానా వాళ్ల నాన్న ఉద్యోగం చేసే చోటు, అంతే. ఆ పేరు చెప్పుకుని నేను నిటారుగా నిలబడ్డది మాత్రం ఆ గ్యారేజీలోనే.

ఒప్పందం ఇలా కుదిరింది. రుద్దుడు పని వీలైనంత ఆయనే చేసుకుంటాడు. దాన్ని సరిచూడ్డం, కష్టమైన చోట్లు చెయ్యడం, రంగు కొట్టే గన్ పట్టడం నా వంతు. బిల్లు వర్క్‌షాపు పేరు మీద.

లారీకి రంగంటే నాకు తెలిసిన వరస ఒకటే. పాత రంగు గీకడం, పుట్టీ పెట్టడం, రుద్దడం, అడుగు పూతగా ప్రైమర్, ఆ పైన రంగు. విమానానికీ పైకి వరస అదే, కానీ అడుగడుగునా చెయ్యి ఆపాల్సి వచ్చింది. అల్యూమినియం మీద రంగు ఊరికే నిలవదు. ముందు నూనె జిడ్డు పోయేదాకా తుడవాలి, మెత్తటి పీచుతో రేకు మెరుపు చంపాలి, యాసిడ్ నీళ్లతో కడగాలి, ఆ పైన అలోడైన్ అనే మందు పుయ్యాలి. దాంతో రేకు లేత బంగారు రంగుకి తిరుగుతుంది. ఆ మందులో క్రోమియం ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే రకం. గ్లోవ్స్ లేకుండా ముట్టకూడదు, కడిగిన నీళ్లు కాలవలోకి వదలకూడదు. డ్రమ్ముల్లో పట్టి, పారబోయించడానికి విడిగా డబ్బు కట్టాం. ఆ రసీదు చూసినప్పుడు మా షెడ్డు వెనక మురిక్కాలవ గుర్తొచ్చింది.

మొదటి తప్పు నేనే చేశాను. రెక్క చివర ఫైబర్ ముక్కకీ రేకుకీ మధ్య చిన్న మెట్టులా ఉంటే, అలవాటు కొద్దీ పుట్టీ దిట్టంగా పట్టించి చక్కగా తీర్చాను. పెద్దాయన వచ్చి చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్లి వంటింటి త్రాసు తెచ్చాడు. నేను కలిపినంత పుట్టీయే మళ్లీ కలిపించి తూకం వేయించాడు. లారీకి పుట్టీ బరువు ఎవరు చూస్తారు? ఇక్కడ ఆ బరువు గాల్లోకి లేవాలి. మర్నాడంతా పెట్టిన పుట్టీలో సగం రుద్ది తీసేశాను. ఆ రోజు కూలి బిల్లులో వెయ్యొద్దని యజమానికి చెప్పాను.

అసలు రోజులు మింగింది ముక్కు భాగం, ఇంజిన్ మీద కప్పే ఫైబర్ మూత. కంటికి నున్నగా ఉంటుంది. ప్రైమర్ ఒక పూత పడగానే సూది మొనంత కన్నాలు వందల్లో బయటపడతాయి. పల్చటి ఎపాక్సీ జిగురు తీసుకుని, అరిగిన ప్లాస్టిక్ కార్డుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగి, ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ ప్రైమర్. మళ్లీ కొత్త కన్నాలు. ట్యూబులైటు పక్కన కింద నేల మీద పెట్టి, ఆ వెలుగు ఏటవాలుగా పడేట్టు చూసుకుని, ఒక్కొక్క కన్నం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేవాళ్లం. అయిదు విడతలు పట్టింది. అక్కడ నాకు పనికొచ్చింది మావ నేర్పిన విద్యే. పల్చటి నూలు గుడ్డ పరిచి దాని మీద అరచెయ్యి నడిపితే, కంటికి ఆనని ఎత్తుపల్లం చేతికి తెలుస్తుంది. పెద్దాయన ఒకసారి చేసి చూసి, ఆ తరవాత జేబులో ఎప్పుడూ ఒక గుడ్డ ముక్క పెట్టుకు తిరిగాడు.

మాస్కింగుకి, అంటే రంగు పడకూడని చోట్లు కప్పడానికి, పాత పేపర్లు ఉన్నాయా అని అడిగాను. మన దగ్గర లారీ అద్దాలకి అతికించేది పాత పేపర్లే కదా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. విమానం పైకప్పు అద్దం కాదు, అక్రిలిక్. థిన్నర్ ఆవిరి న్యూస్‌పేపర్‌లోంచి దిగి తగిలిందంటే సన్నటి నెర్రెలు పడతాయి, ఇంక ఆ కప్పు మార్చాల్సిందే. ఒడ్డు చుట్టూ మంచి టేపు, పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద మాస్కింగు పేపరు. అది అతికించడానికే ఒక పూట.

పక్క రేకు మీద రివెట్టులా కనిపించే చిన్న కన్నం ఒకటి ఉంటుంది. స్టాటిక్ పోర్టు. బయటి గాలి ఒత్తిడి అందులోంచి వెళ్తేనే ఎత్తు చూపే ముల్లు కదులుతుంది. దాన్ని రంగుతో పూడ్చకూడదు, పని అయ్యాక టేపు మర్చిపోకూడదు. 1996లో పెరూలో ఒక పెద్ద విమానాన్ని కడిగేటప్పుడు ఆ కన్నాలకి అంటించిన టేపు తియ్యడం మర్చిపోయారు. రాత్రి పూట సముద్రం మీద ఎంత ఎత్తులో ఉన్నామో పైలట్లకి తెలియలేదు. డెబ్బై మంది పోయారు. ఆ సంగతి పెద్దాయన చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ టేపుకి ఎర్ర రిబ్బను కట్టి, పని ముగిసిందాకా రోజూ వచ్చీరాగానే దాన్ని చూసుకునేవాణ్ని.

జూన్ వచ్చింది. అక్కడ చలికాలం, బల్లారట్‌లో పొద్దున్న మంచు పేరుకుంటుంది. ఆ చలికి రంగు ఆరదు, తేమ పట్టి మెరుపు చచ్చిపోతుంది. వేడి పెట్టే బూత్, అంటే రంగు కొట్టే మూసిన గది, తప్పనిసరి. రెక్కలు విడిగా, బాడీ విడిగా ట్రెయిలర్ మీద తెచ్చి మూడు రోజులు బూత్‌లో పెట్టాం. తెలుపు, పక్కన ఎర్ర చార. ఎరుపు కింది రంగుని తొందరగా కప్పదు, పూతలు ఎక్కువ అడుగుతుంది, ధరా ఎక్కువే. ఆయన మనవరాలు కోరిందట, అందుకే ఎరుపు. గన్ పట్టిన పని మొత్తం కలిపి ఒక రోజు కూడా లేదు.

ఆ తరవాత తూకాలు. తోక దగ్గర కదిలే భాగాలకి ముందంచులో సీసపు దిమ్మలు పెట్టి తూకం కుదురుస్తారు. రంగు బరువుతో ఆ తూకం మారితే వేగంలో ఆ భాగం వణకడం మొదలై విరిగిపోవచ్చు. అందుకని రంగయ్యాక మళ్లీ సరిచూశారు. విమానం మొత్తాన్నీ మళ్లీ తూచారు. రంగు వల్ల పెరిగింది తొమ్మిదిన్నర కిలోలు. అంటే పదమూడు లీటర్ల పెట్రోలు బరువు ఎప్పటికీ మోస్తూ తిరగాలన్నమాట.

కథ ఇక్కడిదాకా వచ్చాక మావకి లెక్క చెప్పాను. సరుకు 4,800 డాలర్లు. నా పని 70 గంటలు, గంటకి వర్క్‌షాపు రేటు 85 చొప్పున 5,950. బూత్ మూడు రోజులకి 1,200. మొత్తం 11,950. మన డబ్బుల్లో అప్పటికి ఆరున్నర లక్షలు.

కుర్రాళ్లు ఈల వేశారు. మావ వెయ్యలేదు. "పెయింటు అయిదు వేలే గదా. మిగిలింది ఏటి?" అన్నాడు.

ఆయన తప్ప ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దాయన నోటుబుక్కులో రాసుకున్న గంటలు అప్పుడు చెప్పాను. ఆయన సొంతంగా రుద్దింది 260 గంటలు. అదే రేటు కడితే 22,100 డాలర్లు. చెయ్యి తిరిగినవాడైతే ఆ పని 150 గంటల్లో ముగించేవాడు. అలా వేసినా 12,750. నా బిల్లుతో కలిపితే 24,700. మొదట అడిగిన చోట చెప్పింది 24,000. వాళ్లు ఎక్కువేం అడగలేదు. పెద్దాయనకి కూడా ఆ సంగతి నోటుబుక్కు కూడితేనే తెలిసింది.

మావ చాలాసేపు మాట్లాడలేదు. ఆయన జీవితమంతా "బండికి ఇంత" అని గుత్తకి చేసినవాడే. 2010లో పది టైర్ల లారీకి పదహారు వేలు తీసుకున్నాడని నాకు గుర్తు. అందులో రంగు, థిన్నర్, పుట్టీ పోగా మిగిలింది ముగ్గురం పంచుకునేవాళ్లం. తొమ్మిది రోజులు రుద్దాం. ఆ తొమ్మిది రోజులు ఏ కాగితం మీదా లేవు. లారీ ఓనరు బేరమాడినప్పుడల్లా తగ్గిపోయింది ఆ రోజులే.

ఇంకొకటి కూడా ఏ కాగితం మీదా లేదు. మావ దగ్గు. మూతికి తువ్వాలు చుట్టుకుని ముప్పై ఏళ్లు గన్ పట్టాడు. ఇప్పుడు వాడే పీయూ (పాలీయూరిథేన్) రంగులు గట్టిపడ్డానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. ఒకసారి ఊపిరితిత్తులకి పడకుండా పోయిందంటే, ఆ తరవాత కాస్త ఆవిరి తగిలినా ఆయాసం ఎత్తుకుంటుంది. అక్కడ నేను బయటి నుంచి శుభ్రమైన గాలి పైపులో వచ్చే మాస్కు లేకుండా బూత్‌లోకి అడుగు పెట్టను. ఏడాదికోసారి ఊపిరి పరీక్ష చేయిస్తారు. ఈసారి అలాంటి మాస్కు, గాలి వడకట్టే ఫిల్టర్లు పెట్టెలో తెచ్చాను. రంగు కొట్టే కంప్రెషర్‌కే ఆ పైపు తగిలించేద్దామన్నాడు ఒక కుర్రాడు. వద్దని గట్టిగా చెప్పాను. దాంట్లో నూనె ఆవిరి వస్తుంది, అది పీలిస్తే ఇంకో జబ్బు. పీల్చే గాలికి నూనె లేని చిన్న పంపు విశాఖ నుంచి తెప్పించాం. దాన్ని షెడ్డు బయట, పొగ తగలనిచోట పెట్టించాను. మావ మొదట సిగ్గుపడ్డాడు. మాస్కు పెట్టుకుని పది నిమిషాలు కొట్టి, తీసి, "లోపల వాసనే లేదురా" అన్నాడు. అంతే అన్నాడు.

బస్సు ఓనరు సాయంత్రం వచ్చాడు. మావ బిల్లు పుస్తకం తీశాడు. ఒడియా అక్షరాల్లో మొదటి వరస రంగు, సరుకు. రెండో వరస రాయడానికి ముందు నన్ను ఒకసారి చూశాడు. "రుద్దుడు, ఆరు రోజులు, ఇద్దరు" అని రాసి దాని ఎదురుగా అంకె వేశాడు.

"దీనికి వేరేగా డబ్బులేటి మేస్త్రీ, ఎప్పుడైనా తీసుకున్నావా?" అన్నాడు ఓనరు.

మావ లేచి, జేబులోంచి నూలు గుడ్డ తీసి, బస్సు పక్క రేకు మీద పరిచాడు. ఓనరు చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించి మెల్లగా జరిపించాడు. తరవాత ఇంకా రుద్దని వెనక భాగం మీద అలాగే జరిపించాడు. ఓనరు తనంతట తనే మళ్లీ ముందుకొచ్చి ఇంకోసారి జరిపి చూసుకున్నాడు.

అయిదొందలు తగ్గించమన్నాడు. మావ మొదటి వరసలో తగ్గించాడు.