మట్టికోట నుంచి వచ్చిన పిల్లవాడు

నా పుట్టిల్లు విజయనగరం, మెట్టినిల్లు రాజాం. బొబ్బిలి కథ తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని బొబ్బిలి మీదికి నడిపించింది మా విజయనగరం రాజు విజయరామరాజు. ఆ తర్వాత ఆయన డేరాలో దూరి ఆయన్ని పొడిచి చంపాడని చెప్పుకునే తాండ్ర పాపారాయుడిది మా అత్తవారి ఊరు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, అందుకని ముక్కనుమ పొద్దున్నే బొబ్బిలికి బయల్దేరాం. అత్తయ్య, మా ఆయన, పదేళ్ల పెద్దది, ఆరేళ్ల చిన్నోడు. డబ్బాలో పులిహోర, మిగిలిన అరిసెలు.

యుద్ధస్తంభం దగ్గర కారు దిగీ దిగగానే చిన్నోడు "కోట ఏదీ?" అన్నాడు. పోనుపోను సన్నబడే రాతి స్తంభం అది, 1891లో బొబ్బిలి మహారాజా కట్టించింది. వాడికి స్తంభంతో పనిలేదు, బురుజులు కావాలి. "అది మట్టికోటరా నాన్నా" అంది అత్తయ్య. "మన పెరటి గోడ లేదూ, అలాంటిదే. బాగా మందంగా, ఎత్తుగా." వాడు కూర్చుని కాసేపు నేలని గోకాడు. గోళ్ల నిండా ఎర్రమన్ను.

"ఎందుకు కొట్టుకున్నారు?" అని పెద్దది. సరిహద్దు తగాదాలు, వాగు నీళ్లు మళ్లించుకుంటున్నారన్న కక్ష. నీళ్ల తగాదా అనేసరికి అత్తయ్య తలూపింది, పొలం ఉన్నవాళ్లకి అది విడమరచి చెప్పాలా? ఈ కోట వదిలేస్తే వేరేచోట భూములిస్తామన్నారు ఫ్రెంచివాళ్లు. బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు పేలాయి.

"అయితే తప్పు మీవాళ్లదేనా అమ్మా?"

ఎక్కువ తప్పు మావాళ్లదేనని చెప్పాను. ఇంటి తగాదాకి పరాయి ఫిరంగులు తెచ్చినవాళ్లని పుట్టింటివాళ్లు కదా అని వెనకేసుకురాలేను.

కోటలోపల ఆడవాళ్లకీ పిల్లలకీ ఏమైందో మాత్రం దాటేద్దామనుకున్నాను. అత్తయ్యకి కళ్లతో సైగ కూడా చేశాను. ఆవిడ ఆగలేదు. శత్రువు చేతికి చిక్కకూడదని సొంతవాళ్లే చంపేశారని, గొంతు పెంచకుండా, బియ్యంలో రాళ్లేరుతున్నంత నెమ్మదిగా చెప్పింది. పెద్దది నా చున్నీ అంచు పట్టుకుంది. నాకు కోపం వచ్చింది. "పిల్లలకి ఇవన్నీ ఎందుకత్తయ్యా" అన్నాను. "పోయినవాళ్లూ పిల్లలే కదే" అంది.

అప్పుడు చెప్పింది ముసలాయన సంగతి. అంతా అయిపోయాక ఒక ముసలాయన ఓ పసివాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. రంగారావు కొడుకు వీడు, తండ్రి మాట కాదని బతికించానన్నాడట. ఆ పసివాడే చినరంగారావు. బొబ్బిలి వంశం వాడితోనే నిలిచింది.

తిరిగొస్తూ గొల్లపల్లిలో వీణలు చేసేచోట ఆగాం. ఒకే పనసదుంగని తొలిచి చేస్తారు. ఉలి దెబ్బకి పసుపుపచ్చటి చెక్కపొట్టు ఎగిరి పెద్దదాని జడలో పడింది. దులపనివ్వలేదు.

కారెక్కాక చిన్నోడు నానమ్మ ఒళ్లో పడుకున్నాడు. యుద్ధం ఊసే లేదు. "ఆ తాత బాబుని ఎక్కడ దాచాడు? బాబు ఏడవలేదా?" అవే రెండు ప్రశ్నలు. గాదె వెనకాల అని ఒకసారి, గడ్డివాములో అని ఒకసారి, రాజాం వచ్చేదాకా అత్తయ్య కొత్త కొత్త చోట్లు చెబుతూనే ఉంది.